బొటనవేలంత అంచు

జిగురు మామతో చెయ్యి కలిపినవాళ్లు తమ చెయ్యి వెనక్కి తీసుకోవాలంటే కాస్త లాక్కోవాల్సి వచ్చేది. ఆ పేరు అలా వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే గదిలో, ఒకే బల్ల ముందు, మైదా ఉడికించిన జిగురులో వేళ్లు ముంచుతూ పుస్తకాలు కట్టినాయనకి ఇంకే పేరు పెడతారు? ఆయన అసలు పేరు ఇంట్లో భార్యకి తెలుసు. ఆవిడ దాన్ని పలికేది కాదు. మిగతా లోకానికి ఆయన మామే.

ఆ గది ఒక పెద్ద విశ్వవిద్యాలయపు గ్రంథాలయం అడుగున ఉంది. పెద్దదంటే అలాంటిలాంటిది కాదు. అందులో సీటు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పే రకం. పైన రాతి స్తంభాలు, అద్దాల కప్పు, దగ్గడానికి కూడా అనుమతి తీసుకోవాలేమో అనిపించే నిశ్శబ్దం. ఏడు మెట్లు కిందికి దిగితే మామ రాజ్యం. ఒక కోత మిషను, రెండు నొక్కుడు ప్రెస్సులు, అట్టల దొంతర, మైనం పట్టించిన దారపు ఉండలు, దబ్బనాలు గుచ్చి పెట్టిన సబ్బుముక్క. జిగురుకి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు గనక గిన్నె అంచు ఎప్పుడూ నీలంగా ఉండేది. కిటికీ ఒక్కటే. అది బయట నేలకి సమానంగా ఉండడంతో మామకి వచ్చేపోయే మనుషులు మోకాళ్ల వరకే కనిపించేవారు. ఆయనకి అదే చాలు. కాళ్లు చూసి ఆసామీ ఎవరో చెప్పేసేవాడు.

చదువు అయిదో తరగతి. తండ్రి పోతే మేనమామ తన అచ్చాఫీసులో అచ్చయిన పెద్ద కాగితాల్ని ఫారాలుగా మడతపెట్టడానికి కూర్చోబెట్టాడు. అక్కడే కుట్టు నేర్చుకున్నాడు, అట్ట కట్టడం నేర్చుకున్నాడు. మేనమామ ఆయన్ని ఒక్కసారే కొట్టాడు. ఎవరిదో పాత పుస్తకం అంచులు చదును చేస్తూ, అంచున చేత్తో రాసుకున్న మాటలు కూడా కోసి పారేసినందుకు. "కాగితం మళ్లీ తెస్తాంరా. ఆ మనిషి అప్పుడు అనుకున్న మాట ఎక్కణ్ణించి తెస్తావు?" అని చెంప మీద వేశాడు.

అప్పట్నించీ మామకి ఒక పద్ధతి. ఏ పుస్తకమైనా మిషను కింద పెట్టే ముందు కాగితాల అంచు మీద బొటనవేలు నడిపి, పేజీలన్నీ జరజరా వదులుతూ చూసేవాడు. అంచున చేతిరాత కనిపించిందో, పని ఆపేసి పుస్తకం తాలూకు మనిషికి కబురు పెట్టేవాడు.

"మామా, అది నా ఫోన్ నంబరు. నరికెయ్యి," అని పైనుంచి అరిచేవాళ్లు.

"నరుకుతా బాబూ. నువ్వొచ్చి చూసి నరకమను."

ఒకసారి రసాయన శాస్త్రపు ఆచార్యుణ్ణి ఏడు మెట్లూ దింపించి చూపిస్తే, ఆ అంచున 'రెండు సబ్బులు, బల్బు, దువ్వెన' అని ఉంది. ఆయన రాత కూడా కాదు, వాళ్లావిడది. ఆ కథ గ్రంథాలయాధికారి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. చెప్పి, "మా మామ రాత మీద కత్తి పెట్టడండీ," అని ముగించేవాడు. కింద మామ ఆ మాట విననట్టే దారానికి మైనం పట్టించుకుంటూ, చెవులు మాత్రం అటే పెట్టేవాడు.

పుస్తకాలు కట్టేవాడికి మొదటి పేజీ, చివరి పేజీ బాగా కనిపిస్తాయి. మామ చదువంతా ఆ రెండింటి మీదే నడిచింది. ఏ కథ ఎలా మొదలవుతుందో, ఎలా ముగుస్తుందో చెప్పగలడు. మధ్యలో ఏమైందని అడిగితే, "అది కుట్టు కిందికి పోయింది," అనేవాడు. చేతిరాతల విషయంలో మాత్రం ఆయన ముందు ఎవరూ పనికిరారు. ఎవరు పెన్సిల్ నొక్కి రాస్తారు, ఎవరి అక్షరాలు పక్కకి వాలతాయి, అన్నీ ఆయనకి కంఠతా.

అందరి రాతల్లోకీ ఆయనకి ఇష్టమైనది సాహిత్యం చెప్పే ముసలాచార్యుడిది. ఆయన ఒంటరి మనిషి. అచ్చు మీద చెయ్యి పడకూడదని పేజీకి చిట్టచివర, చీమలు బారులు తీరినట్టు సన్నగా రాసేవాడు. ఇంత సన్నగా రాస్తే తన కోత కష్టమవుతోందని మామ ఫిర్యాదు చేస్తే, "నువ్వున్నావన్న ధైర్యంతోనే కదయ్యా అంత చివర రాస్తున్నాను," అనేవాడు.

ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి ఒకతె ఉండేది. మెట్లు దిగుతూనే "మామా, అయిందా?" అనేది. పుస్తకం ఇచ్చి వెనక్కి తిరగకముందే "అయిందా?" మామ ఆమెకి తొందరమ్మ అని పేరు పెట్టాడు. అయిదేళ్లు తిప్పలుపడి సిద్ధాంత గ్రంథం పూర్తి చేసింది. అందులో ఏముందో మామకి తెలీదు. అది పూర్తయిన రోజున మాత్రం వచ్చి, "మామా, నాది మంచి అట్ట వెయ్యాలి, మా అన్నయ్యకి చూపించాలి," అంది. "అట్ట సంగతి సరే, లోపల సరుకుందా?" అన్నాడు మామ. "సరుకంతా లోపలే మామా, పైకే ఏమీ లేదు," అని తన బక్క ఒళ్లు చూపించి నవ్వింది.

ఇంతవరకూ ఆయన బతుకులో చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తరవాతది ఒక మంగళవారం తొమ్మిదిన్నరకి మొదలైంది.

ఆ పొద్దున సాహిత్య శాఖాధిపతి స్వయంగా మెట్లు దిగి వచ్చాడు. ఆయన బూట్లు కిటికీలోంచి మామకి ఎన్నోసార్లు కనిపించాయి గానీ ఎప్పుడూ ఇటు తిరగలేదు. ఎక్కడైనా ఎదురుపడితే, "ఏయ్ బైండింగ్, మా శాఖ పుస్తకాలు ఏమయ్యాయి?" అనేవాడు. అంతవరకే పరిచయం.

"ఏం మామగారూ, బాగున్నారా?" అన్నాడు ఆ రోజు.

మామ వెనక్కి తిరిగి చూశాడు, గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని.

శాఖాధిపతి జిగురు మరకల స్టూలు మీద, తుడవకుండానే కూర్చున్నాడు. మామ మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. అవి ఉన్నాయని ఆయనకి ఎవరు చెప్పారో! "నా కొత్త పుస్తకం వచ్చే నెల వస్తోందండీ. పెద్దలకి ఇవ్వాల్సిన పది ప్రతులకి తోలు అట్ట మీ చేత్తోనే పడాలి. ముందుమాటలో మీకు కృతజ్ఞతలు చెప్పుకుంటాను. మీ పూర్తి పేరేమిటి?"

మామ చెప్పాడు. చెబుతుంటే తన పేరు తనకే కొత్తగా వినిపించింది. శాఖాధిపతి జేబులోంచి డైరీ తీసి రాసుకున్నాడు.

ఆ తరవాతే సంచీలోంచి ఒక కాగితాల బొత్తి తీశాడు. "ఇది చిన్న పని. మా శాఖ ప్రతి. అంచులు మాసిపోయాయి. బొటనవేలంత తీసేసి అట్ట వేసెయ్యండి. మధ్యాహ్నానికి అందితే బాగుంటుంది."

మొదటి పేజీ మీద తొందరమ్మ పేరుంది. మామ అలవాటుగా అంచు మీద వేలు నడిపాడు. చివర్లో చీమల బారులు కనిపించాయి.

"అయ్యా, ఇందులో రాత ఉందండీ."

"ఆఁ, నావే. ఏవో పాత గుర్తులు. అక్కర్లేదు."

అవి ఆయనవి కావు. ఆ సంగతి మామకి ఎంత బాగా తెలుసంటే, కళ్లు మూసుకుని తడిమినా చెప్పేసేవాడు. చివరి పేజీ దీపం కింద పెట్టి చదివాడు. 'ఈ వాదన ఈ అమ్మాయిదే. మూడేళ్ల కిందట నా గదిలో కూర్చుని నాకే చెప్పింది. ఇప్పుడిది మరొకరి పుస్తకంలో, వారి సొంత మాటగా అచ్చవుతోంది.' కింద ఇంకా నాలుగైదు బారులున్నాయి.

"ఏమండీ, కళ్లజోడు మార్చాలేమో మీకు?" అన్నాడు శాఖాధిపతి నవ్వుతూ.

మామ పేజీ మూసేశాడు. 'ముసలాయన్ని ఒక్క మాట అడిగి కోస్తానండీ' అనాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా సబ్బులకీ బల్బులకీ అన్న మాటే అది. ఈసారి నోరు పెగల్లేదు. తనని 'అండీ' అన్న మనిషిని 'మీ మాట నమ్మను' అనడమెలా? బొత్తిని మిషను కింద సర్ది, పిడి తిప్పి బిగించాడు. బొటనవేలంత కొలిచాడు. కత్తి దిగింది.

కింద పడిన కాగితపు పీలికల్ని శాఖాధిపతే వంగి ఏరుకున్నాడు. "మీకెందుకు శ్రమ, చెత్త నేను పడేస్తాలెండి," అన్నాడు. అంత పెద్దమనిషి నేల మీద వంగి చెత్త ఏరడమేమిటని మామకి అనిపించింది. అనిపించినదాన్ని పక్కకి నెట్టి జిగురు కలుపుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి ముసలాచార్యుడి శవం దొరికింది. మూడో అంతస్తులో, ఎవరూ పెద్దగా వెళ్లని పాత పుస్తకాల బీరువాల మధ్య, ఇనుప మెట్ల కింద. ముందు జారిపడ్డాడనుకున్నారు. తల వెనక దెబ్బ పడ్డం వల్ల తగిలింది కాదనీ, ముందురోజు సాయంత్రమే ఎవరో బరువైన వస్తువుతో కొట్టారనీ డాక్టర్లు తేల్చారు.

కబురు విని మామ బల్లకేసి చూశాడు. అట్ట అతికించి ఎండబెట్టిన గ్రంథాన్ని శాఖ జవాను అప్పటికే పట్టుకెళ్లిపోయాడు.

అనుమానం తొందరమ్మ మీద పడింది. ఆ సాయంత్రం ఆయన్ని చివరిగా కలిసింది ఆమే. "మీరు చెప్పకపోతే నేనే అందరి ముందూ చెప్తాను!" అని ఆమె అరవడం పుస్తకాలు సర్దే మనిషి విన్నాడు. గ్రంథం పనికిరాదన్నందుకు గొడవపడి చంపేసిందని ఊరంతా తేల్చేసుకుంది. ఆ అమ్మాయి చెప్పేది వేరు. తన వాదనని శాఖాధిపతి దొంగిలించాడని మొరపెట్టుకోడానికే వెళ్లానంది. "సార్ అంతా నా ప్రతి అంచుల్లో రాశానన్నారు. రేపు శాఖ సభలో చెప్తానన్నారు. ఆ ప్రతి తెరిచి చూడండి," అని ఏడ్చింది.

తెరిచి చూశారు. అంచులు తెల్లగా, నున్నగా ఉన్నాయి.

గురువారం దర్యాప్తు చేసే ఆఫీసరమ్మ ఆ గ్రంథం పట్టుకుని కిందికి దిగింది. వెనకాలే గ్రంథాలయాధికారి.

"పెద్దాయనా, ఇది మీరు కట్టిందేనా?"

"నేనేనమ్మా."

"ఎవరిచ్చారు?"

"శాఖ నుంచి వచ్చిందమ్మా."

"కోసినప్పుడు అంచుల్లో పెన్సిల్‌తో రాసింది ఏమైనా ఉందా?"

మామ నోరు తెరిచేలోగా గ్రంథాలయాధికారి అందుకున్నాడు. "భలేవారే మేడమ్! ఆ ప్రశ్న మా మామనా అడగడం? ఈయన రాత మీద కత్తి పెట్టడు. ఒకసారి ఏమైందో తెలుసా..." సబ్బులూ బల్బూ దువ్వెనా అన్నీ వచ్చాయి. ఆఫీసరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే మామ వైపు తిరిగింది.

ఆ మూడు క్షణాల్లో మామకి కనిపించింది ఆ అమ్మాయి మొహం కాదు, చచ్చిపోయిన పెద్దాయన మొహమూ కాదు. గ్రంథాలయాధికారి మొహం. ఆ కథ చెప్పి తనకేసి గర్వంగా చూస్తున్న మొహం.

"లేదమ్మా," అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటతో తొందరమ్మ అబద్ధాలకోరైపోయింది. ఇంకెవరైనా చెప్పి ఉంటే ఆఫీసరమ్మ మళ్లీ అడిగేదేమో. మామ పేరుకున్న విలువ అలాంటిది, రెండో ప్రశ్న అక్కర్లేకపోయింది.

మర్నాడు కిటికీలోంచి ఆ అమ్మాయి కాళ్లు కనిపించాయి. ఎప్పుడూ పరిగెత్తే కాళ్లు పోలీసు బూట్ల మధ్య, ఒక చెప్పు తెగి, ఈడుస్తూ వెళ్లాయి. మామ కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టాడు.

ఆ తరవాత పని సాగలేదు. ఒక్కో పుస్తకం అంచుల్ని గంటసేపు తడిమి చూసేవాడు, ఏమీ లేకపోయినా మళ్లీ మొదట్నించీ. మిషను పిడి పట్టుకోబోయి వదిలేసేవాడు. తనకి తాను సర్దిచెప్పుకోడానికి చాలా దారులు వెతికాడు. ఆయన శాఖకి పెద్ద, ఆయన చెయ్యమన్నాడు, నేను చేశాను. చంపింది నేను కాదుగా. ఏ దారిన వెళ్లినా 'లేదమ్మా' దగ్గరికే వచ్చేవాడు. కొయ్యమన్నది ఎవరైనా, లేదని చెప్పింది తను.

శాఖాధిపతి ఒకసారి మెట్ల మీద ఎదురుపడ్డాడు. మామ చేతులు జోడించబోయాడు. ఆయన కళ్లు మామ మీదుగా గోడ మీదికి వెళ్లిపోయాయి. పేరు కాదు గదా, 'ఏయ్' కూడా దక్కలేదు.

మామ భార్య ఆడపిల్లల హాస్టల్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే చోట పనిచేసేది. నోటికి మొహమాటం లేని మనిషి. ఆరో రోజు సాయంత్రం కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్న మొగుడితో అంది.

"ఆ పిల్ల రెండు జతలు ఇస్త్రీ అయి అలాగే ఉన్నాయి. ఎవరికివ్వాలో తెలీట్లేదు. వాళ్లన్నయ్య రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడతాడు, లోపలికి రానివ్వరు. ఇవ్వాళ నన్నే ఆపాడు. 'అమ్మా, మా చెల్లెలు చీమకి దారిచ్చి నడిచే మనిషి' అన్నాడు. నేనేం చెప్పను?"

మామ చెయ్యి ఆగిపోయింది.

"ఏంటయ్యా? ఆరు రోజులుగా చూస్తున్నా. మింగలేవు, కక్కలేవు. గొంతులో ఏం పెట్టుకున్నావు?"

చెప్పాడు. మొదలూ చివరా మాత్రమే చెప్పే అలవాటున్న మనిషి, మధ్యలోదంతా వదలకుండా చెప్పాడు. స్టూలు, డైరీ, తోలు అట్టలు, 'మామగారూ' అన్న పిలుపు.

"మామగారూ అన్నాడా?" ఆవిడ ముందు నవ్వింది. "మనకి కూతురే లేదు గదయ్యా, అల్లుడెక్కణ్ణించి ఊడిపడ్డాడు?" నవ్వు సగంలోనే చచ్చిపోయింది. "ఆ ఒక్క పిలుపుకా?"

మామ కంచం అంచుని బొటనవేలితో రుద్దాడు.

"నేను ఇన్నేళ్లు 'ఏమయ్యా' అన్నందుకు నీకు అంత ఆకలిగా ఉందని నాకు తెలీదు," అంది ఆవిడ. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

"ముప్ఫై ఒక్క ఏళ్ల పేరే. రేపు పైన ఎవరి మొహం చూడను?"

"ఎవరి మొహమూ చూడకు. పేరు నీది, మెడ ఆ పిల్లది. నువ్వే తూచుకో." కంచం తీసేసింది. గిన్నెలు కడుగుతూ లోపల్నించే అంది: "పొద్దున్నే వెళ్లు. నేనూ వస్తా. నువ్వు మధ్యలో జారుకుంటావని కాదు, ఒక్కడివీ వెళ్లలేవని."

పొద్దున్న ఆఫీసరమ్మ బల్ల ముందు మామ కూర్చోలేదు.

"అమ్మా, ముందు నేను అబద్ధమాడానని రాసుకోండి. మిగతాది తరవాత చెప్తాను."

ఆమె పెన్ను మూత తియ్యలేదు. "అప్పుడు అబద్ధమైతే ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మను?"

"నమ్మకపోయినా రాసుకోండమ్మా."

ఆమె అంతా విన్నది. శాఖాధిపతి ఎన్నింటికి వచ్చాడని రెండుసార్లు అడిగింది. తొమ్మిదిన్నర అని రెండుసార్లూ చెప్పాడు. ఆమె కుర్చీలో ముందుకి జరిగింది. "ఆయన మాతో ఏమన్నారో తెలుసా? శవం దొరికాక, సాయంత్రం, శాఖ బల్ల మీద ఆ ప్రతిని మొదటిసారి చూశానన్నారు. చనిపోయినాయన సంచీలో ఉండాల్సింది తొమ్మిదిన్నరకి ఈయన చేతికి ఎలా వచ్చింది?" తనలో తాను అనుకున్నట్టు అంది: "కాల్చేస్తే ప్రతి ఏదని అడుగుతారు. రబ్బరుతో తుడిస్తే ముద్ర మిగులుతుంది. రాత మీద కత్తి పెట్టని మనిషి చేత కోయిస్తే ఎవరూ అడగరు."

మామ కళ్లు మూసుకున్నాడు. తన పనితనాన్ని అంత బాగా వాడుకున్నవాడు ఇంతవరకూ లేడు.

ఆ మధ్యాహ్నమే సాహిత్య శాఖ సమావేశపు గదిలో అందర్నీ కూర్చోబెట్టింది. మామ ఆ గది గుమ్మం దాటడం అదే మొదలు. గ్రంథాలయాధికారి ఆయన్ని చూసి పక్క కుర్చీ జరిపాడు. మామ దానిలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. 'నేనే కోశాను, తెలిసే కోశాను, లేదని అబద్ధం చెప్పాను' అన్నప్పుడు గ్రంథాలయాధికారి జరిపిన కుర్చీని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. కావాలని చేసినట్టు లేదు. చెయ్యి దానంతటదే చేసింది.

శాఖాధిపతి తడబడలేదు. "మేడమ్, ఈయన అయిదో తరగతి. అంచున గీసినదేదో చూసి ఎవరి రాతో చెప్పేస్తారా? అసలు ఈ మనిషి గదికి నేనెప్పుడూ వెళ్లలేదు. ఈయన పేరు కూడా నాకు తెలీదు."

"నిజమేనయ్యా, నాకు చదువు రాదు," అన్నాడు మామ. "నా పేరు మాత్రం మీకు తెలుసు. ఇంటిపేరుతో సహా చెప్పించుకున్నారు. మంగళవారం మీ డైరీలో రాసుకున్నారు."

ఆఫీసరమ్మ చెయ్యి చాపింది. శాఖాధిపతి చెయ్యి జేబు మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. పాపం, ఆయన నిజంగానే మర్చిపోయాడు. పేరు రాసుకున్నది గుర్తుపెట్టుకోడానికి కాదు గదా.

డైరీలో ఆ పేజీ ఉంది. ఆ కొస పట్టుకుని లాగితే మిగతాది వచ్చింది. మూడో అంతస్తు బీరువాల్లో పుస్తకాలు పడిపోకుండా నిలబెట్టే ఇనుప దిమ్మల్లో ఒకటి ఆయన కారులో దొరికింది. మూడో రోజుకి ఒప్పుకున్నాడు. సభలో పరువు పోతుందని బతిమాలాననీ, ముసలాయన వినలేదనీ అన్నాడట.

మామని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. మందలించి వదిలేశారు. పైనుంచి పుస్తకాలు మామూలుగానే దిగేవి. ఒకటే తేడా. ప్రతి పుస్తకంలోనూ ఇప్పుడు ఒక చీటీ ఉండేది: 'అంచులు కొయ్యవద్దు.' మంచి కాగితమైనా, తెల్లటి అంచైనా అదే చీటీ, గ్రంథాలయాధికారి సంతకంతో. ఆ సబ్బుల కథ ఆయన ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. మామ ఆ చీటీల్ని పారెయ్యకుండా మేకుకి గుచ్చి పెట్టుకున్నాడు. భార్య చూసి, "ఎందుకయ్యా అవి?" అంటే, "నాకు రాసినవేగా," అన్నాడు.

తొందరమ్మ విడుదలైన వారానికి వచ్చింది. ఏడు మెట్లూ ఒక్కొక్కటే దిగింది. 'అయిందా' అనలేదు. చేతిలో పోలీసులు తిరిగిచ్చిన ఆ గ్రంథం ఉంది. మామ లేచి నిలబడ్డాడు. చెప్పాలని పది రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాడు.

"తల్లీ, నేను..."

"అది వద్దు మామా. అందరూ అదే చెప్తున్నారు." స్టూలు అంచున కూర్చుంది. గ్రంథాన్ని ఒళ్లో పెట్టుకుని, కోసిన వైపు అరచేత్తో నిమిరింది. "సార్ ఏం రాశారో ఆఫీసరమ్మ చెప్పింది. అది మీరు చెప్పిందే అంది. చదివినవాళ్లు మీరొక్కరే. నాకు మీ నోటితో వినాలనుంది."

మామ చెప్పాడు. 'ఈ వాదన ఈ అమ్మాయిదే. మూడేళ్ల కిందట నా గదిలో కూర్చుని నాకే చెప్పింది. ఇప్పుడిది మరొకరి పుస్తకంలో, వారి సొంత మాటగా అచ్చవుతోంది.'

"తరవాత?"

"కింద ఇంకా ఉందమ్మా. నాలుగైదు బారులు."

"ఏముంది?"

ఆమె ముందుకి వంగింది. అయిదేళ్ల పని గురించి సార్ తనకి ఏనాడూ బాగుందని చెప్పలేదట. అడిగితే, 'చివర్లో రాస్తాగా' అనేవాడట. ఆ అమ్మాయి మొహం చూస్తుంటే ఆమెకి ఏం కావాలో మామకి అర్థమైంది. నాలుగు మంచి మాటలు. తను చెబితే కాదనేవాళ్లెవరు? ముసలాయన ధోరణి తనకి తెలుసు, ఆ రాత తెలుసు, ఎలా ముగిస్తాడో కూడా తెలుసు. 'ఈ అమ్మాయి నా దగ్గర చదవడం నా అదృష్టం.' నాలిక మీద అంతా సిద్ధంగా ఉంది. ఎంత చల్లటి మాట అది! అది విని ఆమె ఏడుస్తుంది, ఏడ్చాక తేలికపడుతుంది. బహుశా తనని క్షమిస్తుంది కూడా.

"తెలీదమ్మా," అన్నాడు. "నేను చదవలేదు. ఆ శాఖాధిపతి నన్ను 'ఏమండీ' అన్నాడు. పేజీ మూసేశాను."

"మూసేశారు," అంది ఆమె.

జిగురు గిన్నెలో బుడగ ఒకటి లేచి పగిలింది. మామ పొయ్యి కట్టేశాడు. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికాడు, చేతిలోనే ఉంది.

ఆమె లేస్తుందనుకున్నాడు. లేవలేదు. తలెత్తకుండా అంది.

"ఆ మూడు వాక్యాలూ మళ్లీ చెప్పండి. ఆయన రాసినట్టే. ఒక్క మాట కూడా మార్చకండి."

మామ చెప్పాడు. అదే చోట ఆగిపోయాడు.